కుదుపులోనే కిటుకు

జమ్మలమడుగులో ఆ ఇంటి ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట ఒక కారు సీటు ఉంది. కారు మాత్రం లేదు. సీటు ముందు స్టీరింగు, కింద మూడు పెడళ్లు, ఎదురుగా పెద్ద తెర. సీటును మోసే ఇనుప చట్రానికి నాలుగు మూలలా నాలుగు కాళ్లు... చూడ్డానికి లారీ కింద పెట్టే జాకీల్లా ఉంటాయి. స్విచ్చి వేస్తే చాలు, నాలుగూ 'జుయ్‌'మంటూ సీటుని పైకి లేపి నిలబెడతాయి. ఆ చప్పుడు వినగానే వంటింట్లోంచి ఇల్లాలి గొంతు వినిపిస్తుంది... 'మళ్లీ మొదలుపెట్టినాడు!'

మొదలుపెట్టింది కొడుకు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. కార్ల పందాలంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ రేసు జరిగితే టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్లొచ్చాడు. మనదేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. రోజూ జనం తిరిగే రోడ్ల మీదే పందెం కాబట్టి, డ్రైవర్లకు నెలల ముందు వచ్చి సాధన చేసే వీల్లేదు. ఆ 2.8 కిలోమీటర్ల దారినీ 18 మలుపుల్నీ సిమ్యులేటర్ల మీద బట్టీపట్టి రావాల్సిందే. ఇంట్లో కూర్చుని ఎక్కడో ఉన్న రోడ్డుని ఒంటికి తెలిసేలా చేయొచ్చన్న సంగతి అతని మనసులో పడిపోయింది. రెండేళ్లు డబ్బు కూడబెట్టి ఈ కుర్చీని సమకూర్చుకున్నాడు.

అయితే అది పూర్తిగా తన సరదా కోసమే కాదు. నాన్న కోసం కూడా.

ఆ పెద్దాయన ఆర్టీసీ డ్రైవరు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, ముద్దనూరు, పులివెందుల, తాడిపత్రి... ఆ దారుల్లో ఏ చింతచెట్టు తర్వాత ఏ గుంత వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఆ కళ్లే మోసం చేశాయి. నీటికాసుల జబ్బు. డాక్టర్లు గ్లాకోమా అంటారు. చూపు మధ్యలో బాగానే ఉంటుంది. పక్కల నుంచి మాత్రం సాయంత్రపు చీకటిలా కొంచెం కొంచెం మూసుకుంటూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, మందులతో ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగానే ఆయన స్టీరింగు దిగిపోయాడు. ఇప్పుడు స్కూటరు కూడా తీయడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వీధి చివర పోయే బస్సు చప్పుడు వింటూ 'క్లచ్చు పోతాంది దానికి' అంటుంటాడు... ఎవరితోనూ కాదు, తనలో తనే.

గుంత దాటినాక ఎగిరింది!

కుర్చీ బిగించిన రోజు ఇంట్లో పండగ వాతావరణం. పక్కింటి పిల్లలు కిటికీలకు వేలాడారు. కొడుకు నాన్నని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. లారీలు నడిపే ఆట ఒకటుంది, యూరో ట్రక్ సిమ్యులేటర్-2 అని. 2012లో వచ్చింది. అందులో బ్రిటన్ రోడ్లు ఎంచుకున్నాడు. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి కదా, నాన్నకి అలవాటు తప్పదని. కుర్చీ కదలికలన్నీ ఎక్కువలో ఎక్కువకి పెట్టేశాడు. బ్రేకు వేస్తే ముందుకు వాలాలి, మలుపు తిరిగితే పక్కకి ఒరగాలి. నాన్న ఆశ్చర్యపోవాలి!

రెండు నిమిషాలైంది. పెద్దాయన బ్రేకు మీద కాలు పెట్టి బండి ఆపేశాడు. మొహం చెమటలు పట్టింది.

'ఏమైంది నాయనా?'

'గుంత దాటిపోయినాక ఎగురుతాందిరా ఇది. కన్ను ముందు చెప్తాంది, కుర్చీ ఆమీట చెప్తాంది. కడుపులో తిప్పుతాంది నాకు.'

బెల్టు తీసుకుని లేచి అరుగు మీదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు వారాలు ఆ గదిలోకి వచ్చినా కుర్చీ వైపు చూడలేదు. 'పాపం, పిల్లోడు ఆశపడి కొన్నాడు. ఒకసారి కూచోరాదా' అని భార్య అంటే, 'నా మీద జాలిపడి కొన్నాడు. అది నాకు తెలుచ్చాది' అన్నాడు. ఆ మాట పక్క గదిలో ఉన్న కొడుకు చెవిన పడింది. బండి నడపలేని మనిషికి బండి బొమ్మ తెచ్చి ఇచ్చినట్టయిందే అని ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. నాన్న కోపాన్ని పక్కనపెట్టి, ఆయన అన్న మొదటి మాట గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. గుంత దాటిపోయినాక ఎగురుతోంది... అదెలా? ఆ కాళ్ల వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు. అమ్మినవాళ్ల ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉన్నది ఆ అంకే. మొత్తం 100 మిల్లీమీటర్లు లేవాలన్నా సెకనులో సగం కూడా పట్టదు. అంత వేగం ఉండి కూడా ఆలస్యం ఎందుకవుతోంది?

ఒక్క గుంత లెక్క

కాగితం తీసుకుని లెక్క వేశాడు. ఎవరైనా వేయగలిగిన లెక్కే. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. దారిలో అర మీటరు పొడవున్న గుంత. చక్రం దాన్ని దాటడానికి పట్టే సమయం సెకనులో వందో వంతులు మూడు. కన్ను ఆర్పేలోపే అయిపోతుంది.

ఆ కొద్ది సమయంలో కుర్చీ కాలు ఏం చేయగలదు? సెకనుకు 250 మిల్లీమీటర్ల వేగం దానికుంది నిజమే. కానీ ఆ వేగం పుట్టుకతో రాదు, సున్నా నుంచి అందుకోవాలి. ఎంత త్వరగా అందుకుంటుందన్నదే త్వరణం. కాలు త్వరణం సెకనుకు సెకనుకు రెండున్నర మీటర్లయితే, పూర్తి వేగం అందుకోవడానికి సెకనులో పదో వంతు కావాలి. ఆ లోపు గుంత ఒకటి కాదు, అలాంటివి మూడు దాటిపోతాయి. గుంతలో చక్రం ఉన్నంతసేపూ కాలు కదిలేది గట్టిగా ఒక మిల్లీమీటరు. దాని వేగం 250 అయినా, 500 అయినా, వెయ్యి అయినా ఆ ఒక్క మిల్లీమీటరే. త్వరణం రెట్టింపైతే మాత్రం కదలిక కూడా రెట్టింపవుతుంది.

ఇంకో లెక్క మరీ విచిత్రం. సీటు మధ్య నుంచి 20 మిల్లీమీటర్లు పైకీ కిందికీ, సెకనుకు రెండుసార్లు ఊగిందనుకుందాం. ఉయ్యాల లాంటి ఊపు. అందులో కాలు సెకనుకు 250 మిల్లీమీటర్ల వేగం అందుకుంటుంది. ఉన్న వేగమంతా ఖర్చయిపోతుంది. అయినా ఒంటికి తగిలే తోపు భూమ్యాకర్షణలో మూడో వంతే. అదే సీటు ఒక్క మిల్లీమీటరు మాత్రం పైకీ కిందికీ, సెకనుకు ఇరవైసార్లు వణికితే? వేగం అందులో సగం చాలు. తోపు మాత్రం భూమ్యాకర్షణకు ఒకటిన్నర రెట్లు! సగం వేగంతో అయిదు రెట్ల తోపు. రోడ్డు గరుకుదనం, టైరు జారబోయే ముందు వచ్చే వణుకు, చక్రం రాయి ఎక్కిన దెబ్బ... ఇవన్నీ ఈ రెండో రకానివే.

మరి వేగం పనికిరాదా అంటే పనికొస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు, పెద్ద స్పీడ్ బ్రేకరు మీద బండి మొత్తం లేచి దిగేటప్పుడు దూరం ఎక్కువ. అక్కడ వేగం చాలకపోతే కదలిక సగంలోనే తెగిపోతుంది. పెద్ద ఊపులకు వేగం, చిన్న దెబ్బలకు త్వరణం... రెండింటి పనీ వేరు.

చెవిలో కూర్చున్న డ్రైవరు

ఇందులో ఒంటి సంగతి కూడా ఉంది. మనిషి తన కదలికను కంటితోనే కాదు, చెవితోనూ తెలుసుకుంటాడు. వినికిడికి సంబంధం లేకుండా లోపలి చెవిలో మూడు అర్ధ వృత్తాకార గొట్టాలుంటాయి. తల తిరగడాన్ని అవి పసిగడతాయి. వాటి పక్కనే సున్నపు రేణువులు అద్దిన రెండు చిన్న సంచులుంటాయి. ముందుకు తోసినా, వెనక్కి లాగినా, తల ఒరిగినా ఆ రేణువులు జరిగి మెదడుకు కబురు పంపుతాయి.

తమాషా ఏమిటంటే, ఈ యంత్రాంగానికి వేగం అంటే ఏమిటో తెలీదు! తెలిసిందల్లా వేగంలో మార్పే. రైలు మంచి పట్టాల మీద నిలకడగా పోతున్నప్పుడు కళ్లు మూసుకుంటే కదులుతున్నామో లేదో చెప్పలేం. బయల్దేరినప్పుడూ ఆగినప్పుడూ మాత్రం ఒళ్లు చెబుతుంది. కుర్చీ కూడా మనిషిని నమ్మించాలంటే కదలిక మొదలయ్యే ఆ క్షణంలోనే నమ్మించాలి. అక్కడ తడబడితే తర్వాత ఎంత వేగంగా కదిలినా కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది. ఆ గొడవ కడుపులో తేలుతుంది. ఎత్తు రోడ్డు బస్సులో వెనక సీట్లో కూర్చుని పుస్తకం చదివే పిల్లలకు వాంతులయ్యేదీ ఇందుకే.

కొడుకు తన తప్పు వెతుక్కోవడానికి ఫోను వాడాడు. ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ త్వరణాన్ని కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఫోనుని రబ్బరు బ్యాండుతో సీటుకి కట్టి, ఆటలో అదే గుంత మీద పదేపదే పోనిచ్చాడు. గీత చూస్తే సంగతి తేలిపోయింది. గుంత దగ్గర ముల్లులా నిలబడాల్సిన గీత, గండికోట కొండలా మెల్లగా లేచి మెల్లగా వాలింది.

తప్పు అతని చేతులారా చేసిందే. మొదటి రోజు కాళ్లు 'టకటక'మని కొట్టుకుంటుంటే అమ్మ భయపడిందని, సాఫ్ట్‌వేర్‌లో కదలికల్ని నునుపు చేసే అమరికని బాగా పెంచేశాడు. చప్పుడు తగ్గింది. చప్పుడుతోపాటే దెబ్బలోని పదునూ పోయింది. రెండో తప్పు, నాన్నని అబ్బురపరచాలని వాలడాలూ ఒరగడాలూ ఎక్కువ చేయడం. ఉన్నదే 100 మిల్లీమీటర్లు. అదంతా ఊపులకే ఖర్చయిపోతే, గుంత వచ్చేసరికి కాలు అప్పటికే చివరికంటా దిగి ఉంటోంది. ఇక కదలడానికి చోటేది?

ఫస్ట్ గేరు, టాప్ గేరు

వారం తర్వాత కొడుకు ఇంకో ఆలోచనతో నాన్న దగ్గరికి వచ్చాడు. కాళ్లు మార్చేద్దామని. ఆ కాళ్లలో మోటారు తిరుగుతుంటే మరలాంటి కడ్డీ తిరిగి సీటుని పైకి నెడుతుంది. ఇప్పుడున్న కడ్డీ ఒక చుట్టు తిరిగితే 5 మిల్లీమీటర్లు లేస్తుంది. మోటారు నిమిషానికి 3,000 చుట్లు... అంటే సెకనుకు 50 చుట్లు. అలా వచ్చిందే ఆ 250. చుట్టుకి 10 మిల్లీమీటర్లు లేచే కడ్డీ వేస్తే వేగం 500 అవుతుంది. మోటారు అదే.

పెద్దాయన అరుగు మీద నుంచి లేవకుండానే అడిగాడు. 'మోటారు అదే అంటాండావు. మరి బలం యాడ నుంచి వచ్చాది?'

కొడుకు నోట మాట రాలేదు.

'ముద్దనూరు ఘాటులో ఫుల్లు లోడుతో ఎక్కుతాంటే టాప్ గేరు వేచ్చే ఏమైతాది? బండి గింజుకుంటాది. ఫస్టులో బలం, టాపులో పరుగు. రెండూ ఒక్క గేరులో కావాలంటే ఇంజనే మార్చాల. బండలాగే పోటీలు చూసినావు గదా? బండ కదిలినాంక లాగేది ఒక ఎత్తు, నిలబడిన బండని కదిలించేది ఒక ఎత్తు. కాడి బలమంతా ఆ మొదటి గుంజుడులోనే తెలుచ్చాది.'

కొడుకు లోపలికెళ్లి మళ్లీ లెక్క వేశాడు. సీటు, చట్రం, మనిషి కలిపి 160 కిలోలనుకుంటే ఒక్కో కాలు మీద 40 కిలోలు. కాలు 100 కిలోల బరువెత్తగలదనుకుందాం. 40 మోయడానికి పోగా 60 మిగిలింది. ఆ మిగిలిందే మనిషిని పైకి విసిరే త్వరణం... లెక్క ప్రకారం భూమ్యాకర్షణకు ఒకటిన్నర రెట్లు. కడ్డీ మార్చి వేగం రెట్టింపు చేస్తే ఎత్తే బలం సగమై 50కి వస్తుంది. మోయడానికి 40 పోతే మిగిలేది 10. త్వరణం భూమ్యాకర్షణలో పావు వంతుకి పడిపోతుంది! వేగం రెట్టింపు, తోపు ఆరో వంతు. రాపిడీ, మోటారు తనని తాను తిప్పుకోవడానికి పట్టే శక్తీ కలిపితే అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. కానీ దారి మాత్రం ఇదే. బరువైన మనిషి కూర్చుంటే కుర్చీ ఎందుకు మందగిస్తుందో కూడా ఇందులోనే ఉంది. కొడుకు 60 కిలోలు. పెద్దాయన 85.

కాళ్లు మార్చే ఆలోచన అక్కడితో ఆగిపోయింది. బోలెడు డబ్బు మిగిలింది. ఆ సాయంత్రం పెద్దాయన తనంతట తనే ముందుగదిలోకి వచ్చాడు. కుర్చీ ఎక్కలేదు. చట్రం చుట్టూ తిరిగి, ఒక మూల పట్టుకుని గట్టిగా ఊపాడు. చట్రం వంగింది.

'కాలు కొట్టే దెబ్బ మనిషి దాకా యాడ వచ్చాది? మధ్యలో ఇదే తింటాండాది' అన్నాడు.

మర్నాడు ఆటోలో చట్రం వేసుకుని ప్రొద్దుటూరు పోయారిద్దరూ. తెలిసిన వెల్డింగ్ షాపులో రెండు అడ్డకమ్ములు వేయించి, సీటు అడుగున మందపాటి రేకు పెట్టించారు. పని జరుగుతున్నంతసేపూ పెద్దాయన స్టూలు వేసుకుని అక్కడే కూర్చున్నాడు. ఇంటికి తెచ్చాక కింద కడప బండల నేల ఉండనే ఉంది, దానికి వంగే గుణం లేదు. చప్పుడు వీధిలోకి పోకుండా కాళ్ల కింద రబ్బరు పట్టీలు వేశారు.

రావడం పిడుగులా... పోవడం పిల్లిలా!

ఇలాంటి కుర్చీల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు నేల మీదే విమానం నడపడం నేర్పే పెట్టె తయారుచేశాడు. వాళ్ల నాన్నకు ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆ వాద్యాల్లో గాలి ఊదే తిత్తులతోనే... మన హార్మోనియం తిత్తుల్లాంటివే... ఆ పెట్టెని అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది వైమానికులు దాని మీద శిక్షణ పొందారు. ఆ తర్వాత 1950ల్లో ఇంగ్లండ్‌లో డన్‌లప్ కంపెనీ ఇంజినీరు ఎరిక్ గాఫ్ ఆరు కాళ్ల వేదిక ఒకటి తయారుచేశాడు. దేనికోసమో తెలుసా? టైర్లను పరీక్షించడం కోసం! 1965లో స్టీవార్ట్ అనే ఇంజినీరు ఆరు కాళ్ల వేదికతో విమాన సిమ్యులేటర్ ఎలా చేయొచ్చో వివరిస్తూ వ్యాసం రాశాడు. ఈనాటికీ పైలట్లు శిక్షణ పొందే పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్ల మీదే నిలబడి ఉంటాయి. ఫార్ములా వన్‌లో 2009 నుంచి సీజను మధ్యలో ట్రాక్ మీద పరీక్షలకు అడ్డుకట్ట పడటంతో జట్లకు సిమ్యులేటరే సాధన మైదానమైంది. మన హైదరాబాద్‌లోనూ 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ సంస్థ సైనిక, పోలీసు శిక్షణకు వాడే సిమ్యులేటర్లతోపాటు డ్రైవింగ్ నేర్పేవీ తయారుచేసింది.

వీటన్నిటికీ ఒకటే చిక్కు. అసలు బండి కిలోమీటర్ల కొద్దీ పోతుంది. కుర్చీ గది దాటకూడదు. బ్రేకు వేసిన బండి మూడు సెకన్లపాటు మనిషిని ముందుకు తోస్తూనే ఉంటుంది. 100 మిల్లీమీటర్ల కాలుతో మూడు సెకన్లు తోయడం కుదరదు కదా? అందుకని ఇంజినీర్లు ఒక ఉపాయం పన్నారు. మొదట కుర్చీని చటుక్కున కదిపి బ్రేకు పడిందని చెబుతారు. ఆ వెంటనే సీటుని మెల్లమెల్లగా ముందుకు వంచుతారు. మనిషి బరువే అతన్ని బెల్టు మీదికి తోస్తుంది. పది డిగ్రీలు వంచితే భూమ్యాకర్షణలో ఆరో వంతు తోపు ఉచితంగా దొరుకుతుంది! సెకనుకు సుమారు మూడు డిగ్రీలకు మించకుండా వంచితే, తాను వంగుతున్నానని లోపలి చెవి కనిపెట్టలేదు. బ్రేకు వేస్తున్నాననే అనుకుంటుంది. పని అయిపోయాక కుర్చీ అంతే నెమ్మదిగా, దొంగ పిల్లిలా, మళ్లీ మధ్యకి వచ్చేయాలి... తర్వాతి గుంత కోసం చోటు ఉంచుకోవాలి కాబట్టి.

పిడుగులా రావాల్సింది ఏదో, పిల్లిలా పోవాల్సింది ఏదో తెలుసుకోవడమే ఇందులో విద్య. కొడుకు ఈసారి అదే చేశాడు. వాలడాలూ ఒరగడాలూ సగానికి పైగా తగ్గించాడు. నునుపు చేసే అమరికని చిన్న కుదుపుల మీద నుంచి దాదాపు తీసేసి, పెద్ద ఊపులకు మాత్రం ఉంచాడు. గుంతలకూ రోడ్డు గరుకుకూ ఎప్పుడూ కొన్ని మిల్లీమీటర్లు మిగిలి ఉండేలా చూశాడు. ఫోను కట్టి చూస్తే గీత ముల్లులా నిలబడింది. బయట నుంచి చూసేవాళ్లకు మాత్రం కుర్చీ ముందుకన్నా చాలా తక్కువ కదులుతోంది. పక్కింటి పిల్లలు పెదవి విరిచారు. 'పాడైపోయిందా అన్నా?'

ఎర్ర బటన్ ఆమె చేతిలో

ఇలాంటి కుర్చీ ఉన్న ఇంట్లో తప్పకుండా ఉండాల్సింది ఒకటుంది. నొక్కితే కాళ్లన్నీ అక్కడికక్కడే ఆగిపోయే ఎర్ర బటన్. మనిషిని ఎత్తి కుదిపే బలం ఉన్న కాలికి చట్రం కింద ఉన్న పిల్లల చెయ్యి ఒక లెక్క కాదు. అందుకే కుర్చీ నడుస్తున్నంతసేపూ పిల్లల్ని గీత గీసి దూరంగా కూర్చోబెడతారు. బటన్ బాధ్యత ఇల్లాలిది. తీగ పొడిగించి ఆమె కూర్చునే పీట దగ్గర పెట్టారు. 'ముప్పై ఏండ్లు మీ నాయనకి బ్రేకు నేనే, ఇప్పుడు మీ కుర్చీకి గూడా' అంది ఆమె.

ఆ ఆదివారం పెద్దాయన బెల్టు పెట్టుకున్నాడు. అదే ఆట, అదే లారీ, అదే వాన పడే ఇంగ్లండ్ రోడ్డు. అయిదు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఊరి పొలిమేర దాటాక రోడ్డు గరుకు మారింది. ఆయన ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే గేరు తగ్గించింది. ఒక అతుకు మీద చక్రం 'టక్‌'మంది. సీటూ అప్పుడే 'టక్‌'మంది.

'ఆ... ఇప్పుడు చెప్తాంది' అన్నాడు. 'కంటికి ముందే నడుముకి తెలుచ్చాది.'

ఆ మాట కొడుక్కి సూటిగా తగిలింది. తెర రెండు చివర్లూ నాన్నకి సరిగా కనబడవు. పక్కనుంచి దూసుకుపోయే చెట్లూ, రోడ్డు అంచూ ఆయనకి మసక. కంటి పక్కచూపు మామూలుగా మోసే పనిలో కొంత ఇప్పుడు ఆయన నడుము మోస్తోంది. కబురు ఆలస్యమైతే అతను తట్టుకుంటాడు, నాన్న తట్టుకోలేడు. మొదటి రోజు ఆయన లేచిపోయింది అలిగి కాదు... ఆ కుర్చీ మాటని ఆయన ఒళ్లు నమ్మలేకపోయింది.

ఇరవై నిమిషాలు నడిపి, లారీని ఎడమ పక్కకి తీసి ఆపాడు. కడుపులో తిప్పలేదు. 'ఇది రోడ్డు కాదు' అన్నాడు బెల్టు తీస్తూ. 'డీజిలు వాసన ల్యా, జనం ల్యారు, చిల్లర గొడవ ల్యా. అయితే అబద్ధం మాత్రం చెప్పట్ల్యా.' ఆ తర్వాత కాసేపాగి అడిగాడు. 'ముద్దనూరు ఘాటు ఉండాదా దీంట్లో?'

లేదు. ఎవరూ చేయలేదు. కానీ ఇలాంటి ఆటల్లో సొంత దారులు తయారుచేసి కలుపుకునే వీలుంది. దానికి రోడ్డు కొలతలు కావాలి, మలుపులు కావాలి, ఎక్కడ మిట్టో ఎక్కడ పల్లమో కావాలి. కొలతలు పటాల్లో దొరుకుతాయి. గుంతలు దొరకవు.

అందుకే ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒక నోటు పుస్తకం బయటికొస్తోంది. పెద్దాయన కళ్లు మూసుకుని, చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు గాల్లో పెట్టి చెబుతుంటాడు. కొడుకు రాసుకుంటాడు. ఫలానా మలుపు దాటాక ఎడమ చక్రానికి ఒకటి, లోతు తక్కువ గాని అంచు పదును. ఆ తర్వాత కల్వర్టు, ముందు కన్నా వెనక చక్రానికి గట్టిగా తగులుతుంది. వాటిలో కొన్ని ఎప్పుడో పూడ్చేసి ఉంటారు, రోడ్డు కూడా మారిపోయి ఉంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పుస్తకంలో ఇప్పటికి పదకొండు గుంతలు చేరాయి. పన్నెండోది కుడిపక్కదా ఎడమపక్కదా అని నిన్న రాత్రి ఆయనకి అనుమానం వచ్చింది. చాలాసేపు కళ్లు మూసుకుని, నడుము కాస్త ఎడమకి ఒరిగించి చూసుకున్నాడు.

'కుడి' అన్నాడు. 'రాసుకో.'